తీర్పు రాసి పంపు

జూన్ 9

గడుగ్గాయికి,

నల్లకోటు వేసుకుని దిగిన ఫొటో అందింది. మీ అత్తయ్య దాన్ని కళ్లకద్దుకుంది. నేను మాత్రం కోటు భుజాల దగ్గర వదులుగా ఉందని కనిపెట్టాను. దర్జీకిచ్చి బిగించుకో, కోర్టులో మనిషి కంటే ముందు కోటునే చూస్తారు. మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఆవిడ సంతోషంగా ఉందని అర్థమైంది గానీ ఒక్క మాటా వినపడలేదు. అందుకే చెబుతున్నా, నాతో ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాయి. నా చెవులు రిటైరయ్యాయి గానీ కళ్లు ఇంకా ప్రాక్టీసులోనే ఉన్నాయి.

నిన్ను మూడు ఆఫీసుల వాళ్లు రమ్మన్నారట కదా. ఏ ఆఫీసులో చేరాలి, ఏ రకం కేసులు పట్టాలి అన్నది అప్పుడే తేల్చెయ్యకు. బోర్డు చూడకు, అద్దాల తలుపులు చూడకు. జూనియర్ తప్పు చేస్తే సీనియర్ ఎక్కడ తిడతాడో చూడు. గదిలోకి పిలిచి తిడితే చేరిపో. క్లయింటు ఎదురుగా తిడితే మాత్రం మంచినీళ్లు తాగి వచ్చెయ్. నా గదికి రమ్మని నేను పిలవను. పిలిస్తే కాదనలేవు, ఆ తర్వాత జీవితాంతం నన్ను తిట్టుకుంటావు.

సరే, మన ఆట. నువ్వు బడికి వెళ్లే రోజుల నుంచీ నేను కేసు చెప్పడం, నువ్వు తీర్పు చెప్పడం అలవాటే కదా. ఎప్పటిలాగే మనుషుల్నీ చోటునీ మార్చేశాను. బట్టలుతికే కంపెనీ ఒకటి ఉంది. తడిబట్టలు ఆరబెట్టడానికి వాళ్లకో వేడి గది. పనివాడు లోపలుండగా తలుపు మూసుకుని బయట గడియ పడిపోయింది. అలాంటప్పుడు నొక్కడానికి లోపల ఒక గంట పెట్టారు. నొక్కితే మోగలేదని అతనంటాడు. గంట భేషుగ్గా ఉంది, ఇతనే నిద్రపోయాడని కంపెనీ అంటుంది. పాపం, మనిషి మంచాన పడ్డాడు. తప్పెవరిది? తీర్పు రాసి పంపు.

మీ మామయ్య


జూన్ 17

మామయ్యా,

కోటు బిగించాను. ఇప్పుడు ఊపిరాడటం లేదు, కాబట్టి అచ్చం లాయరులా ఉన్నాననుకుంటా.

నీ సలహా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది, నేను చేరిపోయాను. మూడింట్లో ఒకటి భూముల కాగితాలు చూసే ఆఫీసు. అక్కడందరూ ఆవలిస్తున్నారు. రెండోది మందుల షాపు మీద రెండు గదులు. అందులో ఒకావిడ ఉంటుంది. నేరం మోపబడ్డ వాళ్ల కేసులు తప్ప ఇంకేవీ పట్టదు. ఆవిడ నా మార్కులు చూడనే లేదు. "నీకెవరంటే భయం?" అని అడిగింది. "అందరంటేనూ" అన్నాను. నవ్వి, "రేపే వచ్చెయ్" అంది. నేను మెట్లు దిగి పారిపోయి వచ్చాను. మూడోది పెద్ద ఆఫీసు. కంపెనీలు, పన్నులు, ప్రమాదాలు అన్నీ ఒకే కప్పు కింద. అందులో చేరాను.

ఎందుకో చెబుతాను, నవ్వకు. అక్కడ ఒప్పందాల సెక్షన్ ఉంది. అందులో ఉన్నవాళ్లు కోర్టు గడప తొక్కక్కర్లేదు. కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టినప్పుడు ఏమైందో నీకు చెప్పలేదు. లేచి నిలబడి జడ్జిగారిని సంబోధించాను, అంతే. నోరు పిడచకట్టుకుపోయింది. అందరూ నావైపే చూస్తున్నారు, నా గొంతు మాత్రం ఎవరో లోపల్నుంచి గడియ పెట్టేసినట్టు ఆగిపోయింది. అప్పటి నుంచి ఎవరైనా "లేచి చెప్పు" అంటే చాలు, అరచేతులు తడిసిపోతాయి. కోర్టుకెళ్లడానికి భయపడే లాయరేమిటని నువ్వు అడుగుతావు. నేనూ రోజూ అద్దంలో చూసి అడుగుతూనే ఉన్నాను.

ఇక్కడ కొత్తవాళ్లని ఒక్కో సెక్షన్‌లో కొన్నాళ్లు కూర్చోబెడతారు. ఆ తర్వాత ఎవరిని ఉంచుకోవాలో సెక్షన్ పెద్దలు తేలుస్తారు. ఇప్పుడు ఒప్పందాల్లో ఉన్నాను. ఎవరూ గట్టిగా మాట్లాడరు, ప్రాణం హాయిగా ఉంది. నన్ను ఇక్కడే ఉంచేస్తే బాగుండు.

తీర్పు: నీ మనిషి ఓడిపోతాడు. గంట మోగలేదనడానికి అతని మాట తప్ప నీ దగ్గరేముంది? ఆ గంటని చివరిసారి విప్పి చూసిందెవరో వెతుకు. అతన్ని బోనెక్కించగలిగితే కంపెనీ పని అయిపోయినట్టే.

నీ గడుగ్గాయి


జూలై 2

ఒసేయ్ గడుగ్గాయీ!

నీ నోట్లో చక్కెర పొయ్య! దొరికాడు. ఇన్నాళ్లూ ఆ గంట ఎలా పనిచేస్తుందని పుస్తకాలు తిరగేశాను గానీ, దాన్ని బాగుచేసేవాడొకడుంటాడన్న ఆలోచనే రాలేదు. ఎలక్ట్రీషియన్. ఆ గంట నెలల తరబడి చచ్చిపడి ఉందని, కొత్తది కావాలని తానే పైవాళ్లకి చెప్పానని అన్నాడు. ఇప్పటికీ ఆ కంపెనీలోనే పని. కోర్టుకొచ్చి చెప్తానన్నాడు గానీ, బోనెక్కే క్షణం వరకూ ఈ సంగతి బయటికి పొక్కితే తన కొంప మునుగుతుందన్నాడు. పిల్లలు చిన్నవాళ్లు. పాపం, మా గుమాస్తా ఎదుట కూడా నోరు విప్పలేదు. నీకు చెప్పకుండా ఎలా ఉంటాను? తీర్పు నీదాయె.

ఇక మారువేషం ఎందుకులే. అది వేడి గది కాదు, చలి గది. కూరగాయలూ మందులూ దాచే పెద్ద కోల్డ్ స్టోరేజీ. మా వాడికి రెండు పాదాల వేళ్లూ తీసేశారు. వాయిదా ఆగస్టు నెల మధ్యలో, మా ఊరి కోర్టులోనే. అవతలి పక్షానికి ఎవరో పెద్ద లాయర్లు వస్తారట. రానీ!

నీ భయం సంగతి. నవ్వలేదు. కాకపోతే కోర్టుకు వెళ్లకుండా లాయరు కావడమంటే నీళ్లలో దిగకుండా ఈత మాస్టరు కావడమే. కానీ నీ ఇష్టం. ఒప్పందాలు రాసేవాళ్లూ ఉండాలి, లేకపోతే మేం దేని మీద కొట్టుకుంటాం?

మీ మామయ్య


జూలై 8

మామయ్యకు,

నా సెక్షన్ మారింది.

దయచేసి ఇకమీదట నాకు కేసుల గురించి ఏమీ రాయకు. ఏ కేసు గురించీ, మారువేషం వేసి కూడా. ఆట వద్దు. ఎందుకని అడగకు, చెప్పలేను. అత్తయ్య ఆరోగ్యం గురించి రాయి, పెరట్లో మొక్కల గురించి రాయి.

ఒంట్లో బాగానే ఉంది.

మేనకోడలు


జూలై 15

(ఈ ఉత్తరం విప్పకుండానే వెనక్కి వచ్చింది.)

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి నేనూ మీ అత్తయ్యా బిక్కమొహాలేసుకుని కూర్చున్నాం. "గడుగ్గాయి" అని సంతకం పెట్టడానికి కూడా మనసు రాలేదా? ఎవరో అబ్బాయి ఉండి ఉంటాడని మీ అత్తయ్య లెక్క. ఆవిడకి దగ్గొచ్చినా, కరెంటు పోయినా అదే లెక్క. నాకు అలా అనిపించడం లేదు. పెద్ద ఆఫీసులో చేరినవాళ్లకి చిన్న ఊరి ప్లీడరు కబుర్లు చిరాకు కలిగిస్తాయి. అది సహజమే. ఆ మాటే చెబితే సరిపోయేది కదా.

మొక్కల గురించి రాయమన్నావు. రాశాను అనుకో.

కానీ ఒక్క సంగతి నిన్ను కాక ఎవర్ని అడగను? ఆ గంటల డాక్టరు భయంతో వణికిపోతున్నాడు. మొన్న దారిలో కనబడి తల తిప్పుకున్నాడు. మొదటి ప్రశ్న ఏది అడిగితే ఆ మనిషి నిలదొక్కుకుంటాడంటావు? ఈ ఒక్కదానికీ జవాబు రాయి, ఇంకెప్పుడూ అడగను.

మీ మామయ్య


జూలై 24

వకీలమ్మగారికి,

నా ఉత్తరం నాకే తిరిగొచ్చింది. కవరు మీద "విప్పలేదు" అని మీ చేతిరాత. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నా నోటీసు కూడా ఎవరూ తిప్పికొట్టలేదు. తల కొట్టేసినట్టయింది.

తిప్పి పంపడం నాకూ వచ్చు.

ప్లీడరు


ఆగస్టు 3

(ఈ ఉత్తరం విప్పకుండానే వెనక్కి వచ్చింది.)

మామయ్యా,

నీ కోపం నాకు తెలుసు. అయినా దీన్ని ముక్క ముక్కా చదువు. ఇది రాయడానికి నాకు ధైర్యం చాలక ఇన్నాళ్లు పట్టింది.

ఆ పెద్ద లాయర్లు మేమే.

నీ ఉత్తరంలో చలి గది, వేళ్లు అని చదివిన రోజే నన్ను ప్రమాదాల సెక్షన్‌కి మార్చారు. నా బల్ల మీద పెట్టిన మొదటి కట్ట అదే. పై పేజీ మీద నీ సంతకం. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. నువ్వెవరిని పట్టుకొస్తున్నావో నాకు తెలుసు. పట్టుకురమ్మన్నదే నేను! అవతలి పక్షానికి సలహా ఇచ్చి ఇవతలి పక్షంలో కూర్చున్నాను. నీతో చెబితే మా క్లయింటుకి ద్రోహం, వీళ్లతో చెబితే నీ క్లయింటుకి ద్రోహం. అందుకే ఆట వద్దన్నాను. ఆ తర్వాత నీ ఉత్తరం వస్తే, అందులో ఇంకేం ఉందోనని ముట్టుకోవడానికే భయమేసింది. విప్పితే ఇంకో రహస్యం నా నెత్తిన పడుతుంది. తిప్పి పంపేశాను. ఆ పూటంతా ఏడ్చాను.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. నేను నీ మేనకోడల్నని మా సీనియర్‌కి ఎలాగో తెలిసింది. గదిలోకి పిలిచాడు. తిట్టలేదు మామయ్యా, కాఫీ ఇచ్చాడు. "ఒప్పందాల సెక్షన్‌లో ఒక సీటు ఖాళీ ఉంది. నీకు ఇష్టమట కదా" అన్నాడు. నేను వెంటనే చెప్పేశాను, నాకు అవతలి పక్షం సంగతులు కొన్ని తెలుసు, నన్నీ కేసు నుంచి తప్పించండి అని. ఆయన మొహం వెలిగిపోయింది. అలా వెలగడం చూశాకే నేనెంత తెలివితక్కువగా మాట్లాడానో అర్థమైంది. "పేర్లేమీ అడగనులే. కంపెనీ లోపలి మనిషి ఎవరైనా మీ మామయ్యతో మాట్లాడుతున్నాడా? నోటితో చెప్పకు. తలూపు చాలు" అన్నాడు.

నేను మెడ బిగపట్టుకుని కూర్చున్నాను. కాఫీ కప్పు వైపే చూస్తూ ఉండిపోయాను. మెడ నొప్పెట్టేదాకా. తలూపలేదనే అనుకుంటున్నాను. కానీ ఆ మర్నాడే గంటని ముట్టుకున్న పనివాళ్లందర్నీ పిలిపించమని కంపెనీకి కబురు వెళ్లింది. నా మెడ కదిలిందా? కళ్లు చెప్పేశాయా? అన్నం సహించడం లేదు. ఆ మనిషి పిల్లలు చిన్నవాళ్లని నువ్వు రాసిన మాట చెవిలో మోగుతోంది.

వాయిదాకి నన్ను వెంట తీసుకొస్తానంటున్నాడు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. నా పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు. నిన్ను తడబాటు పెట్టడానికే. ఆఫీసు పైవాళ్లకి చెప్పుకున్నాను. సీనియర్ మాట వినమన్నారు.

ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నువ్వే ముందు జడ్జిగారికి చెబుతావా? నాకు రాసిన సంగతి నీ క్లయింటుకి చెప్పావా? నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే నేను చేతనైనట్టు చేస్తాను. నాకు చేతనైందేమిటో నాకే తెలియదు.

నీ గడుగ్గాయి


సెప్టెంబర్ 6

అమ్మా గడుగ్గాయీ,

ఇన్నాళ్లూ కలం పట్టుకుంటే చెయ్యి సాగలేదు. సిగ్గుతో.

ఆ రోజు నాకు ఎలా కనబడిందో రాస్తాను, నువ్వు చూసింది వేరే కాబట్టి. కోర్టు హాల్లో మా వాడు కర్ర పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. గుమాస్తా ఎలక్ట్రీషియన్ని బయట వరండాలో ఉంచాడు. తలుపు తీసుకుని ఆ సీనియర్ వచ్చాడు, వెనక కట్టలు మోసుకుంటూ నువ్వు. ఉత్తరాలు ఎందుకు ఆపేశావో, ఎందుకు తిప్పి పంపావో అంతా అర్థమైపోయిందనుకున్నాను. నా కడుపులో మాటలన్నీ లాక్కుని వాళ్లకి అమ్మేశావనుకున్నాను. అవును, నిన్నే అలా అనుకున్నాను. వెంటనే గుమాస్తాతో, "ఆ మనిషిని ఇంటికి పంపెయ్, దొరికిపోయాడు" అన్నాను. కాగితాలు నేల మీద పడితే జడ్జిగారి బంట్రోతు ఏరి ఇచ్చాడు.

కేసు పిలిచారు. మీ సీనియర్ లేవబోతుంటే నువ్వు లేచావు. నీ పెదాలు కదలడం కనబడుతోంది, ఒక్క ముక్క వినబడటం లేదు. ఆయన నీ కోటు పట్టుకుని కిందికి లాగుతున్నాడు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. ఇంకేముంది, ఎలక్ట్రీషియన్ పేరు చదివేస్తోందనుకున్నాను. లేచి నిలబడి, హాలంతా మోగేలా "అబద్ధం!" అని అరిచాను.

ఆ తర్వాత జడ్జిగారు గొంతు పెంచి, నాకోసం ఒక్కో మాటా విడదీసి చెప్పారు. "ప్లీడరుగారూ, ఆ అమ్మాయి తను మీ మేనకోడలినంటోంది. ఇరుపక్షాల సంగతులూ తనకి తెలుసు కాబట్టి తప్పుకుంటానంటోంది. తెలిసి కూడా తనని ఇక్కడికి తీసుకొచ్చారు కాబట్టి తన ఆఫీసు కూడా తప్పుకోవాలంటోంది. ఇందులో అబద్ధం ఏది?"

మా వాడు కర్ర పట్టుకుని నన్నే చూస్తున్నాడు. "అబద్ధమేమీ లేదండీ. నా క్లయింటు కేసు సంగతి, ఎవరికీ చెప్పకూడనిది, నేనే ఉత్తరంలో రాశాను. ఆటకి" అన్నాను. ఆ చివరి మాట ఎంత చిన్నగా అన్నానో తెలియదు గానీ అందరికీ వినబడినట్టుంది.

మీ ఆఫీసుని తప్పించారు, నన్నూ తప్పించారు. కేసు తేలేదాకా ఏ పనివాణ్ణీ పనిలోంచి పీకకూడదని కంపెనీకి చెప్పారు. మా వాడు వరండాలో ఆగి, నా చెవి దగ్గరికొచ్చి, "మీ మీద కోపం లేదు బాబూ, కానీ ఇంక మీ దగ్గర నోరు విప్పలేను" అని వెళ్లిపోయాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న మళ్లీ వాయిదా. కొత్త ప్లీడరు వచ్చాడు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చాడమ్మా. బోను కమ్మీని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఏమన్నాడో వినపడలేదు గానీ, కంపెనీ మేనేజరు మొహం చూస్తే అర్థమైంది. తీర్పు ఇంకా రావాలి.

వకీళ్ల సంఘానికి నా తప్పు రాసి పంపాను. నీ తప్పేమీ లేదని కూడా రాశాను. వాళ్లేమంటారో చూడాలి. నేను విప్పకుండా తిప్పికొట్టిన నీ ఉత్తరం దాచి ఉంటే, దయచేసి మళ్లీ పంపు.

ఆ హాల్లో అరిచిన ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే నా కోటు ఇచ్చేసేవాణ్ణి.

మామయ్య


సెప్టెంబర్ 13

మామయ్యా,

ఆ ఉత్తరం దీంతోపాటే పంపుతున్నాను. ఈసారి విప్పు. నా మెడ కదిలిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎలక్ట్రీషియన్ బోనెక్కాడని చదివాక మాత్రం మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఆఫీసు వాళ్లు నన్ను అదే రోజు పంపించేశారు. నీ ఊరి నుంచి తిరిగి రావడానికి వాళ్ల కారులో చోటు కూడా ఇవ్వలేదు, బస్సులో వచ్చాను. భూముల ఆఫీసు వాళ్లకి ఫోన్ చేస్తే, కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. సొంత ఆఫీసు మీదే లేచి మాట్లాడిన పిల్లని ఎవరు పెట్టుకుంటారు? నా మీద కూడా సంఘానికి ఫిర్యాదు వెళ్లింది. ఈ కోటు నా ఒంటి మీద ఎన్నాళ్లుంటుందో తెలియదు. పోస్టు వచ్చే వేళకి గుమ్మంలోనే నిలబడుతున్నాను.

చివరికి మందుల షాపు మీదికి ఎక్కాను. ఆవిడకి అంతా ముందే తెలుసు. "ఇంకా అందరంటే భయమేనా?" అంది. అవునన్నాను. "మన దగ్గరికొచ్చే వాళ్లు నీకంటే ఎక్కువ భయంతో వస్తారు. రేపే వచ్చెయ్" అంది. ఈసారి పారిపోలేదు. కాబట్టి ఏ ఆఫీసు, ఏ కేసులు అని నువ్వు అడిగినదానికి ఇదీ జవాబు. జైలు, బెయిలు, పోలీసులు. రోజూ లేచి నిలబడాలి. ఒప్పందాల సెక్షన్ కలలోకి వస్తోంది, ఎంత నిశ్శబ్దంగా ఉండేదో!

రేపు నా మొదటి బెయిలు దరఖాస్తు. మనిషి గురించి గానీ కేసు గురించి గానీ నీకు ఒక్క ముక్క రాయను, ఇక ఎప్పుడూ రాయను. ఇప్పటి నుంచే అరచేతులు తడుస్తున్నాయి, అది మాత్రం రాస్తాను.

నీ మీద కోపం ఉందా అంటే, ఉంది. నువ్వు నన్నలా అనుకున్నావని చదివి ఉత్తరం పక్కన పడేసి, మళ్లీ తీసుకుని, మళ్లీ పడేశాను. ఆ హాల్లో నీ గొంతు విన్నప్పుడు కాళ్ల కింద నేల లేదనిపించింది. నేను జన్మంతా భయపడింది జడ్జీలకో అవతలి లాయర్లకో కాదు. నేను మాట్లాడుతుంటే నాకు బాగా కావాల్సినవాళ్లు లేచి తప్పంటారేమోనని. సరిగ్గా అదే జరిగింది. నువ్వే, అందరి ముందూ.

ఒక్క సంగతి మాత్రం నీకు ఎవరూ చెప్పి ఉండరు, నువ్వు వినలేవు కాబట్టి. నువ్వు "అబద్ధం" అని అరిచేసరికి నేను ఇంకా సగంలోనే ఉన్నాను. ఆగలేదు, మామయ్యా. మిగతా సగం చెప్పే కూర్చున్నాను.

నీ గడుగ్గాయి